చంద్రుడి కింది గోలి

మా బస్తీలో చాలా ఇళ్ళ గోడల మీద ఒక చంద్రుడు ఉన్నాడు. ముదురు నీలం ఆకాశంలో పసుపుపచ్చ నెలవంక, చుట్టూ మూడు చుక్కలు. దాని పైన నడినెత్తి సూర్యుడు, ఆ పైన కొండల మధ్య నుంచి లేస్తున్న సూర్యుడు. మూడు బొమ్మల కింద మూడు ప్లాస్టిక్ జేబులు. పొద్దున వేసుకోవలసిన గోలీలు మొదటి జేబులో, మధ్యాహ్నానివి రెండో జేబులో, రాత్రివి చంద్రుడి కింద. చదువు రానివాళ్ళు మందులు తప్పకుండా వేసుకోవాలని ఒక విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయి తయారు చేసిన కాగితం అది. దానికి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చిన రోజు నా భుజాలకు కూడా శాలువా కప్పారు.

ఆ శాలువా ఇంకా కవరులోనే ఉంది. మా కోడలు రెండుసార్లు అడిగింది, విప్పి చూద్దామని. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో దానికి నోటితో చెప్పబోతే కోపం వచ్చి మాట తడబడింది. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు కోపం నా చెయ్యి వేగానికి తగ్గి నడవాలి. నా చెయ్యి చాలా నెమ్మది.

నాకు చదువు యాభయ్యో ఏట వచ్చింది. పద్మారావు నగర్‌లో ఒక చిన్న బడిలో ఆయాగా చేస్తున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్నపిల్లలు చాపల మీద పడుకుంటారు. వాళ్ళు లేచేదాకా నాకూ టీచరమ్మకూ పని ఉండదు. ఒకరోజు ఆమె ఒక పలక నా చేతికిచ్చి, ఊరికే కూర్చోవడమెందుకు, దిద్దండి అంది. నాలుగేళ్ళ పిల్లలు గురక పెడుతుంటే వాళ్ళ పలక మీద నేను అ ఆలు దిద్దాను. ఎవరైనా పిల్ల మధ్యలో లేస్తే పలకను కొంగు కింద దాచేదాన్ని. రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వెళ్తూ దుకాణాల బోర్డులన్నీ పెదవులు కదుపుతూ చదివేదాన్ని. అంతకుముందు ప్రతి బస్సు దగ్గరా ఎవరో ఒకరిని అడగాల్సి వచ్చేది, ఇది ఎక్కడికి పోతుందని. కొందరు చెప్పేవాళ్ళు. కొందరు నన్ను చూసి పర్సు తడుముకునేవాళ్ళు.

అక్షరం వచ్చాక మనిషికి కొంచెం పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. బస్తీలో ఎవరింటికి కరెంటు బిల్లు వచ్చినా, దవాఖాన చీటీ వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుని, చూడగానే చెప్పకుండా కాసేపు ఆగి చెప్పేదాన్ని. ఆ పొగరు తర్వాత నాకే అడ్డం తిరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ అమ్మాయి మా బస్తీకి వచ్చింది ఎండాకాలం మొదట్లో. మందుల మీద చదువు చదువుతోంది. వాళ్ళమ్మానాన్నా కోస్తా నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డవాళ్ళు. వచ్చిన రోజు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. సర్వేలకు వచ్చేవాళ్ళను మేం చాలామందిని చూశాం. అడుగుతారు, రాసుకుంటారు, పోతారు. ఈ పిల్ల మాత్రం రెండో రోజు కూడా వచ్చింది, మూడో రోజు కూడా. చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నేనని ఎవరో చెబితే నా గడపలో కూర్చుంది.

"ఆంటీ, చదువు రానివాళ్ళు ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో ఎలా గుర్తు పెట్టుకుంటారండీ? నా రీసెర్చంతా దాని మీదేనండీ. పుస్తకం రాసి లైబ్రరీలో పెట్టడానికి కాదు, మీకు పనికొచ్చేది చెయ్యాలి" అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాను.

మందుల దుకాణం అతను గోలీల పట్టీ మూల కత్తిరించి ఇస్తాడు. ఒక మూల కత్తిరిస్తే పొద్దున, రెండు మూలలైతే రాత్రి. కొందరు చీర కొంగుకు ముడులు వేసుకుంటారు. ఒకామె దేవుడి పటం వెనక ఒక రకం, అద్దం వెనక ఒక రకం పెట్టుకుంటుంది. మా వెనకింటి అక్కది అన్నింటికంటే వింతగా ఉండేది. నా సొంత అక్క కాదు, ముప్పై ఏళ్ళుగా గోడకు గోడ ఆనించుకుని బతుకుతున్నాం. రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. ఆమె షుగర్ గోలీ బియ్యం డబ్బాలో ఉండేది.

ఆ పిల్ల డబ్బా మూత తీసి చూసి, "బియ్యంలోనా?" అంది.

"బియ్యంలోనే బిడ్డా. రాత్రి బువ్వ తినేముందు ఏసుకోవాల్నన్నడు డాక్టరు. నేను పొయ్యి మీద బువ్వ పెట్టేది దినానికి ఒక్కపారే, పొద్దుమీకి. డబ్బాల చెయ్యి పెడ్తె గోలి తగుల్తది. తగిలితే ఏస్కుంట. తగలకుంట బియ్యం ఎట్ల తీస్త?" అంది అక్క.

ఆ పిల్ల నవ్వి డబ్బాకు ఫోటో తీసుకుంది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వినందుకు నా మీద నాకే చిరాకు.

నెల తర్వాత ఆ కాగితం పట్టుకొచ్చింది. అందరికంటే ముందు నాకే చూపించింది. "మీరు చూసి చెప్పండాంటీ. మీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే" అంది. మందమైన నిగనిగలాడే కాగితం. సూర్యుడి కింద చిన్న అక్షరాలతో 'ఉదయం' అని, రెండో సూర్యుడి కింద 'మధ్యాహ్నం' అని, చంద్రుడి కింద 'రాత్రి' అని ఉంది. మూడు మాటలూ పైకి చదివాను. ఒక్క చోట కూడా తడబడలేదు. బాగుంది అన్నాను. ఇంత సులువుగా ఉంటే ఎవరికి తెలియదు అన్నాను. మా ఇంట్లో ఎవరికీ గోలీలు లేకపోయినా మొదటి కాగితం నా గోడకే అంటించుకున్నాను. మిగతా ఇళ్ళలో నేను మేకులు కొడితే, ఆ పిల్ల గోలీలు జేబుల్లో సర్దింది.

చదువు రానివాళ్ళ కోసం చేసిన బొమ్మను నేను చదివి సరే అన్నాను. బొమ్మ వైపు చూడనే లేదు. యాభై ఏళ్ళు బొమ్మలూ రంగులూ చూసుకుంటూ బతికినదాన్ని, అక్షరం కనబడగానే దాని వెనక పరుగెత్తాను. ఈ సంగతి నాకు అప్పుడు తెలియలేదు.

అక్క పడిపోయిందని కబురు వచ్చినప్పుడు నేను బడిలో పిల్లల చేతులు కడిగిస్తున్నాను. దగ్గరే, పద్మారావు నగర్‌లోనే ఒక టీ కొట్టు ముందు. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. పక్కన చీపురు పడి ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టడం లేదు. ఆమెకు షుగరుందని నేను అరిస్తే, టీ కొట్టతను, ఇది షుగర్ పడిపోవడమే, మా నాన్నకూ ఇలాగే అయ్యేది అని, చక్కెర కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాడు. కాసేపటికి మనిషి తేరుకుంది. తేరుకోగానే అడిగిన మొదటి మాట, "నా చీపురేది?"

దవాఖానకు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ గోలీలు మానేశావా, ఎక్కువ వేసుకున్నావా అని గద్దించింది. అక్కకు కోపం వచ్చింది.

"మానలే, ఎక్కువ ఏస్కోలే. గోడమీద కాయిదం సూస్కుంటనే ఏస్కుంటున్న. సంద్రుడున్నప్పుడు సంద్రుని కింది గోలి."

"సంద్రుడు ఎప్పుడుంటడే నీకు?" అన్నాను నేను.

"ఎప్పుడేంది? డ్యూటీకి పొయ్యేటప్పుడు. తలుపు తీస్తె మీదనే ఉంటడు. సుక్కలు సుత ఉంటయ్. మీదంత నల్లగ ఉంటది, అచ్చం గా బొమ్మల లెక్కనే."

వేళ్ళు మడిచి ఆమె రోజును లెక్కపెట్టుకున్నాను.

ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఐదుకల్లా హాజరు వేయించుకోవాలి. సాయంత్రం వెలుతురుండగానే వండుకుని, తిని పడుకుంటుంది. ఆమె అన్నం తినే వేళకు ఆకాశంలో చంద్రుడు కాదు, పక్కింటి పిల్లల గాలిపటాలుంటాయి. ఆమె రోజులో చీకటి, చుక్కలు ఉన్నాయంటే అది పనికి బయలుదేరే వేళ. రాత్రి అన్నం ముందు వేసుకోవలసిన గోలీని పరగడుపున వేసుకుని, పదింటి దాకా ఏమీ తినకుండా రోడ్డు ఊడ్చింది. వారం పదిరోజులు అలాగే చేసిందట. కళ్ళు తిరుగుతుంటే ఎండ అనుకుందట.

"మరి మునుపు బియ్యం డబ్బాల పెట్టుకుంటుంటివి గదా. గప్పుడు రాత్రి బువ్వ ముందట ఏస్కోవాల్నని నీకు ఎరికనే గదా" అన్నాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఎరికనే. గని పెద్ద బడి నుంచి కాయిదమొచ్చె. నువ్వు సదివి మంచిగుందంటివి. నాకెరికైంది తప్పేమో, డాక్టరు గోలి మార్చిండేమో అనుకున్న. సదువుకున్నోళ్ళ ముందట నా ఎరిక ఎంత?"

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. మా బస్తీలో రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. అపార్టుమెంట్లలో తెల్లారేసరికి ముగ్గులేసి, మెట్లు కడగడానికి పోయేవాళ్ళు ఉన్నారు. అందరి గోడల మీదా అదే చంద్రుడు.

ఇల్లిల్లూ తిరిగాను. ఆ బొమ్మ తీసెయ్యండి, తప్పు అన్నాను. ఒకామె చాటలో బియ్యం ఏరుతూ, "మొన్న నువ్వే గదా మేకు కొట్టి పెట్టినవ్? ఇయ్యాల నువ్వే తియ్యమంటున్నవ్. రేపేం జెప్తవ్?" అంది. ఇంకొకామె, "పెద్ద బడోళ్ళు నిన్ను ఇప్పుడు పిలుస్తలేరా ఏంది, మా కాయిదాలు ఊడబీకనీకి వస్తివి" అని ఎకసెక్కమాడింది. వాళ్ళ తప్పు లేదు. పెద్ద చోటి నుంచి వచ్చిన కాగితాన్ని పక్కింటిదాని మాట మీద ఎవరు చింపుతారు? కొందరు తీశారు. కొందరు సరే సరే అని నన్ను పంపించి అలాగే ఉంచారు.

ఆ పిల్లకు ఫోన్ చేశాను. సాయంత్రానికి వచ్చింది. అక్క మంచం మీద కూర్చుని జరిగినదంతా చెబుతుంటే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. చేతిలో పుస్తకం ఉంది కానీ ఒక్క ముక్క రాసుకోలేదు. "నేను మీ డ్యూటీ టైం అడిగాను, రాసుకున్నాను కూడా. నాకు తట్టలేదండీ" అంది. "రేపే మా గైడ్ మేడంతో మాట్లాడతాను. బొమ్మ మార్చేద్దాం."

నేను నమ్మాను. మూడు రోజులైంది, వారమైంది. ఫోన్ చేస్తే, మేడం బిజీ అంది. మరోసారి చేస్తే, కమిటీ అంది. బడికి సెలవు పెట్టి నేనే బయలుదేరాను.

విశ్వవిద్యాలయం లోపల నడవడానికే అరగంట పట్టింది. అంత జాగాలో అన్ని చెట్లు, అన్ని బోర్డులు. తెలుగులో ఉన్నవి చదివాను, లేనిచోట అడిగాను. మళ్ళీ పాత రోజుల్లాగా ఒక్కొక్కరినీ ఆపి, ఇది ఎక్కడికి పోతుందని. మేడం గది బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె మంచి మనిషే. లోపలికి పిలిచి కుర్చీ చూపించింది, చాయ్ తెప్పించింది. నేను చెప్పిందంతా తల ఊపుతూ వింది.

"చాలా ముఖ్యమైన విషయం చెప్పారమ్మా. నోట్ చేసుకున్నాం. కానీ ఇప్పుడొక ఇబ్బంది ఉంది. ప్రజలకు ఉపయోగపడే రీసెర్చ్ అని మా దగ్గర కొత్తగా ఒక గుర్తింపు పెట్టారు. మా అమ్మాయి ప్రాజెక్టు దానికి ఎంపికైంది. కమిటీకి పంపిన బొమ్మ ఒకటి, మీ గోడల మీద ఉన్నది ఒకటి అయితే బాగుండదు కదా. ఫంక్షన్ అయ్యాక రెండో విడతలో తప్పకుండా మారుద్దాం."

"మేడం, అప్పటిదాంక ఇంకెవరన్న పడ్తె?"

"పడకుండా మీరున్నారు కదమ్మా. మీలాంటివాళ్ళు కమ్యూనిటీలో ఉండటమే మా బలం."

ఆమె నిజంగా పొగడ్తగానే అంది. చాయ్ కప్పు బల్ల మీద పెట్టి లేచాను. అరిచేవాళ్ళతో అరవగలను. బడిలో ఆలస్యంగా వచ్చి పిల్లను తీసుకెళ్ళే తండ్రుల మీద ఎన్నిసార్లు అరిచానో. మర్యాదగా వినేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకు ఎవరూ నేర్పలేదు. తిరుగు బస్సులో ఒక్క బోర్డు కూడా చదవలేదు.

ఫంక్షన్‌కు నన్ను కారు పంపి పిలిపించారు. అక్కను పిలవలేదు. ఆమెను కూడా తీసుకురమ్మంటారా అని నేను ఆ పిల్లను అడిగితే, "ఒక్కరికే చెప్పారాంటీ" అంది, నా ముఖం చూడకుండా. పెద్ద హాలు, చల్లటి గాలి. వేదిక మీద గుడ్డ బోర్డు మీద ఇంగ్లీషు, దాని కింద చిన్నగా తెలుగు. 'అందరికీ అందే పరిశోధన.' కూడబలుక్కుని చదివాను. చదివిన ఆ మూడు మాటలు తప్ప తర్వాత గంటసేపు అక్కడ జరిగినదేదీ నాకు అందలేదు. మాట్లాడినవాళ్ళందరూ ఇంగ్లీషులో మాట్లాడారు.

మధ్యలో తెర మీద బొమ్మలు వేశారు. ఒక బొమ్మ చూసి నేను కుర్చీలో ముందుకు జరిగాను. అక్క బియ్యం డబ్బా. మూత తీసి, బియ్యం మధ్య గోలీల పట్టీ. హాల్లో అందరూ మెల్లగా నవ్వారు. వెక్కిరింపు కాదు, పిల్లల చేష్టకు నవ్వినట్టు. తర్వాతి బొమ్మలో అదే ఇంటి గోడ మీద చంద్రుడు. చప్పట్లు కొట్టారు. ముందు ఇలా ఉండేది, ఇప్పుడిలా అయింది అని చూపిస్తున్నారని ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. సరిగ్గా పనిచేసిన డబ్బాను చూసి నవ్వారు. మనిషిని పడేసిన కాగితానికి చప్పట్లు కొట్టారు. నేను అక్కడ కూర్చుని ఉన్నాను, పట్టుచీర కట్టుకుని.

నన్ను వేదిక మీదికి పిలిచారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు నా నోటికంటే పైన ఉంది, ఎవరో వంచారు.

"సారు, ఆ డబ్బా మంచిదే. దాన్ల ఏం తప్పు లేదు. గీ సంద్రుని బొమ్మ తోని మా అక్క రోడ్డు మీద పడ్డది. మా ఆడోళ్ళు చీకట్లనే పనికి పోతరు, గప్పుడే ఆళ్ళకు సంద్రుడు కనవడ్తడు. రాత్రి గోలి పొద్దుగాల ఏస్కుంటున్నరు. జెర గీ బొమ్మ మార్చుండ్రి, మార్చినంకనే పంచుండ్రి."

ఇంతే అన్నాను. ఇంట్లో పదిసార్లు చెప్పుకున్న మాటలు, ఒక్కటి కూడా మరిచిపోలేదు. పక్కనున్న ముఖ్య అతిథి ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దాయన, ఆయనకు తెలుగు రాదు. కార్యక్రమం నడిపిస్తున్న అతను మైకు తీసుకుని నా మాటలు ఆయనకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను చెప్పిందానికి అతను చెప్పింది పావు వంతు కూడా లేదు. అందులో నాకు తెలిసిన మాటలు రెండే వినిపించాయి: వెరీ హ్యాపీ. పెద్దాయన నా వైపు తిరిగి నవ్వి, దండం పెట్టి, శాలువా కప్పాడు. హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్కరూ లేవలేదు. ఆ పిల్ల వేదిక మీదే, నాకు రెండు కుర్చీల అవతల, తల వంచుకుని కూర్చుంది.

కిందికి దిగుతుంటే మైకులో ప్రకటించారు, ఈసారి తెలుగులో. ఇదే కాగితాన్ని నగరంలో ఇంకా చాలా బస్తీలకు అచ్చు వేసి పంచుతారట.

భోజనాల దగ్గర ఆ పిల్ల ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ప్లేటులో ఏమీ వడ్డించుకోలేదు.

"సారీ ఆంటీ."

"నాకెందుకు చెప్తున్నవ్? పడ్డది నేను గాదు."

"నేను మాట్లాడాల్సింది. నోరు రాలేదు. నా డిగ్రీ అంతా మేడం చేతిలో ఉందండీ."

"నీ డిగ్రీ మేడం చేతిల ఉన్నది. మా ఆడోళ్ళ పానం నీ కాయిదం మీద ఉన్నది. ఏది ముందుగాల జూస్కుంటవో నువ్వే ఆలోచన చేస్కో."

అని వచ్చేశాను. అన్నం తినలేదు. ఆ కోపంలో ఒక మాట మింగేశాను. ఆ కాగితానికి మొదట సరే అన్నది నేనే. ఆ మాట ఆ పిల్లతో అనలేదు, వేదిక మీదా అనలేదు. మేడంతోనూ అనలేదు. అందరి తప్పూ చెప్పాను.

తర్వాతి ఆదివారం పొద్దున ఆ పిల్ల వచ్చింది. ఈసారి నా గడపకు రాలేదు, నేరుగా అక్క ఇంటికి పోయింది. నేను గోడ అవతల నుంచి వింటున్నాను.

"అమ్మా, మా మేడంని మళ్ళీ అడిగాను. ఈసారి కాయితం మీద రాసిచ్చి అడిగాను. అచ్చుకి ఇంకా వారం ఉంది. చదువు రానివాళ్ళు పదిమంది చూసి సరే అన్నారని రాసి తెస్తే కొత్త బొమ్మ చూస్తానన్నారు. తప్పకుండా వేస్తానని మాత్రం అనలేదండీ."

"చూస్తననే అన్నదా?"

"చూస్తాననే అన్నారు."

"చూస్తననుడు వేరు, చేస్తననుడు వేరు బిడ్డా. సరే తీ. ఏం బొమ్మ తెచ్చినవ్?"

ఇక ఆగలేక నేనూ వెళ్ళాను. అరుగు మీద అక్కా, బియ్యం ఏరుకునే ఆమె, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆ పిల్ల తెల్ల కాగితం మీద పెన్సిలుతో గీసుకొచ్చింది. చంద్రుడి చోట అన్నం కంచం. పైన పొగలు.

చూడగానే నాకు నచ్చింది. "గిది మంచిగుంది, అన్నం ముందు అని ఎవలకైన..." అని మొదలుపెట్టాను.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు జరుగు."

"ఏందే?"

"నువ్వు జరుగంటున్న. నీకు అచ్చరాలొచ్చినయ్. ఇగ నువ్వు పనికిరావ్. పోయినసారి నువ్వు మంచిగుందంటేనే నేను పోయి టీ కొట్టు ముందట పడ్డ. గాడ గూసో."

అందరూ నవ్వారు. నాకు చెంపమీద కొట్టినట్టయింది. బడిపిల్లల మధ్య పలక దాచుకుంటూ నేర్చుకున్న చదువు, ముప్పై ఏళ్ళ స్నేహితురాలు అందరి ముందూ పనికిరాదంది. లేచి ఇంటికి పోదామనుకున్నాను. పోలేదు. అరుగు చివరకు జరిగి కూర్చున్నాను. ఆమె అన్నది నిజం.

బొమ్మ చేతులు మారింది. బియ్యం ఏరే ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది పొద్దుటి బువ్వనా, రాత్రి బువ్వనా?" అంది.

"నేనైతే పదిగొట్టంగ వచ్చి సల్లబువ్వ తింట" అంది ఇంకొకామె. "గప్పుడేస్కుంట."

"సల్లబువ్వకు పొగలెట్లొస్తయే?"

"పొగలని నాకెట్ల ఎరిక? ఎంటికలనుకున్న."

ఆ పిల్ల కూడా నవ్వేసింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను. కానీ వెంటనే పుస్తకం తెరిచి, "మరి రాత్రి మాత్రమే చేసే పని ఏంటమ్మా? పొద్దున అస్సలు చెయ్యనిది?" అని అడిగింది. ఈసారి తను చెప్పలేదు, అడిగింది. అడిగి ఊరుకుంది.

ఆడవాళ్ళు కాసేపు వాదించుకున్నారు. టీవీ అన్నారు, కాదు, పగలు కూడా పెడతారన్నారు. దోమల చక్రం అన్నారు, కొందరికి లేదన్నారు. చివరికి అక్క లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా తెచ్చి అరుగు మధ్యలో పెట్టింది. లోపల చిన్న గ్లాసు ఉంది, బియ్యం కొలుచుకునేది.

"మేమంత బియ్యం కొలిచేది పొద్దుమీకే. పనికి పొయ్యేటోళ్ళెవ్వలు పొద్దుగాల పొయ్యి ముట్టియ్యరు. గిదే గియ్యి. డబ్బా, డబ్బాల గిలాస."

తెర మీద అందరూ నవ్విన డబ్బా అది. ఆ పిల్ల తల దించుకుని గీసింది. గీసినదాన్ని ఒక్కొక్కరికీ విడివిడిగా చూపించమంది అక్క, ఒకరి మాట ఒకరు వినకుండా. లోపలికి ఒక్కొక్కరినే పిలిచి అడిగింది ఆ పిల్ల. చాలక అక్క పక్క సందుల్లో నుంచి ఇంకో నలుగురిని లాక్కొచ్చింది. ఒకామె తప్ప అందరూ రాత్రి వంటకు ముందు అన్నారు. ఆ ఒకామె, మా ఇంట్లో వండేది మా ఆయన, నాకేం తెలుసు అంది. ఆమె మాట కూడా రాయాలంది అక్క.

"ఎవరు రాస్తారు? నేను రాస్తే నేనే కల్పించానంటారు" అంది ఆ పిల్ల.

అక్క నా వైపు చూసింది. "నువ్వు రాయి. చూసుటానికి పనికిరావ్ గని రాసుటానికి పనికొస్తవ్."

కళ్ళజోడు తెచ్చుకున్నాను. అక్క చెబుతుంటే రాశాను. రెండు పేజీలు పట్టింది, మధ్యాహ్నం దాటింది. మొదటి వాక్యం మాత్రం ఎవరూ చెప్పకుండా నేనే రాసుకున్నాను: పోయినసారి బొమ్మ నేను చూడలేదు, చదివాను, అందుకే తప్పు జరిగింది. ఆ పిల్ల దాన్ని చదివి నా వైపు చూసింది. కింద ఆడవాళ్ళందరూ వేలిముద్రలు వేశారు. నేను సంతకం పెట్టాను.

ఆ కాగితం తీసుకుని ఆ పిల్ల వెళ్ళి నాలుగు రోజులైంది. మేడం చదివిందట, కమిటీలో పెడతానందట. అచ్చు ఆపారో లేదో ఇంకా తెలియలేదు. ఈ రోజు కూడా ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏదో బస్తీలో, ఎవరో ఒకామె గోడకు మేకు కొడుతూ ఉండవచ్చు. అది తలుచుకుంటే చెయ్యి ఆడదు.

అక్క మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ ఆదివారమే గోలీల పట్టీని తిరిగి బియ్యం డబ్బాలో వేసుకుంది. గోడ మీది కాగితాన్ని చింపమంటే వద్దంది, మంచి ప్లాస్టిక్ అంది. చంద్రుడి కింద జేబులో ఇప్పుడు పిన్నీసులు పెట్టుకుంటోంది.